సున్నా అడిగితే

వాల్దివియాలో వాన. తొమ్మిదో రోజు.
రేకుల కప్పు కింద నలభై మీటర్ల తొట్టి,
అందులో ఎటూ పోని నీళ్ళు.
నిన్ననే పాతవి తోడించి కొత్తవి నింపించింది ఓటీలియా.
కిటికీలు కూడా మూయించింది,
గాలి వేలు పెట్టకూడదని.

పొద్దుటి నుంచీ తెర మీద ఒక్క అంకె నిలవలేదు.
తీగలు చూశాం, బ్యాటరీ మార్చాం,
యంత్రాన్ని తిట్టాం కూడా.
ఓటీలియా గట్టు మీద బోర్లా పడుకుని
చాలాసేపు నీళ్ళలోకి చూసింది.
"మరీ తేటగా ఉన్నాయి."

అది శబ్దాన్ని విసురుతుంది.
నీట తేలే నలుసుల్ని తాకి తిరిగొచ్చేదాన్ని విని
ప్రవాహం లెక్క కడుతుంది.
నలుసు లేని నీరు
ఎంత అరిచినా పలకదు.

స్టోరు గదిలోంచి సున్నపురాయి పొడి తెచ్చి
వడల పిండిలో ఉప్పేసినట్టు
చిటికెడు చిటికెడుగా చల్లింది.
నీళ్ళకు కాస్త మసక వచ్చింది.
యంత్రానికి మాట వచ్చింది.

ఇక నా పని.
పట్టాల మీద బండి, బండికింద మునిగి యంత్రం.
నేను మీట నొక్కితే
నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి, మేం పోతాం.
దానికి మాత్రం సముద్రం ఎదురొస్తున్నట్టే.
పదిహేడేళ్ళుగా ఈ మోసానికే నాకు జీతం.
బండి మీద కళ్ళు మూసుకుంటే
ఎవరు కదిలారో
నాకూ తెలీదు.

చివరికి, అన్నీ ఆపి,
అలలు సద్దుమణిగేదాకా మాతే తాగి,
అసలు ప్రశ్న అడిగాం:
ఏమీ కదలనప్పుడు ఏం చెబుతావు?

సున్నా అనాలి.
సెకనుకు ఎనిమిది మిల్లీమీటర్లు అంది.
ఈశాన్యంగా.
ఎంత నమ్మకంగా అందో!

"అబద్ధం కాదు, అలవాటు," అంది ఓటీలియా.
మూడేళ్ళు చకావో జలసంధి అడుగున ఉండి వచ్చింది మరి.
పడవ దిగినవాడికి నేల ఊగదూ?

దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన నావెల్కిన్
తడిసిన టోపీ చేత్తో పట్టుకుని అడిగాడు:
"అయితే మూడేళ్ళ లెక్కా తప్పేనా?"
"తీసివేస్తే సరిపోతుంది," అన్నాను.
"తీసేసింది ఎక్కడికి పోతుంది?"

రసీదు వెనక లెక్క వేశాను.
మూడేళ్ళకు ఏడువందల యాభై కిలోమీటర్లు.
ఆండీస్ ఎక్కి, దిగి,
అటువైపు ఎక్కడో పంపా గడ్డిలో తేలింది
ఎన్నడూ పారని ఆ నీరు.

నావెల్కిన్ నవ్వలేదు.
"అటే మా తమ్ముడు, గొర్రెల బొచ్చు కత్తిరిస్తాడు.
ఉత్తరం రాయడు."
యంత్రాన్ని గోనెలో చుట్టి,
చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని
వానలోకి వెళ్ళాడు.

కాగితం మీద ఓటీలియా సంతకం పెట్టింది:
సవరణ, ఎనిమిది.