నాలుగూ నలభై

పర్లాకిమిడిలో, కొమ్ము బొమ్మలు చెక్కే వీధిలో
ఒడియా పోస్ట్‌మాన్ నా ఇంటిపేరు మూడు ముక్కలు చేసి
చేతిలో పెట్టాడు: బ్రస్సెల్స్ ఉత్తరం.

లాంబ్రెక్ట్ దొర. ఇరవై రెండేళ్లయింది.
పుస్తకం రాస్తున్నాడట.
"హవల్దార్ బెవర సింహాద్రీ, గుర్తుందా,
కాల్పులకి నేను ఒప్పుకున్నది
రెండు గంటలకే కదా?"

గుర్తుంది.
నీలి టోపీ కింద చెమట ఉప్పు గుర్తుంది.
ఏటికి అవతల ఊరు. ఇవతల మేం,
నూటపది తుపాకులు,
కదలొద్దన్న కాగితం ఒకటి.
డేరాలో దొర ఫోను మీద ఫోను.
ఒక రాజధాని భోజనానికి లేచింది,
ఇంకో రాజధాని సరైన మాట కోసం వెతుకుతోంది.
చెడ్డవాడేం కాదు.
వేళ్లు వణుకుతుంటే
నా దగ్గర బీడీ అడిగి కాల్చాడు.

పొగ ముందు ఒక్కచోట లేచింది.
తర్వాత లెక్కపెట్టడం మానేశాను.
అనుమతి వచ్చేసరికి
దాటడానికి ఏరుంది,
కాపాడడానికి ఒక మేకుంది.

వైర్‌లెస్ పుస్తకంలో వేళ వేసింది నేనే.

సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నాను.
అవతల పాతపట్నం వైపు ఎవరో పొయ్యి రాజేశారు.
వంట పొగే.
అయినా లేచి నిలబడిపోయాను.

జవాబు ఇంగ్లీషులో నేను రాస్తాలే తాతా, అంది మనవరాలు.
అక్కర్లేదన్నాను.
కార్డు మీద 4:40 అని వేసి
కింద తెలుగులో, దొరకి తెలియకపోయినా,
బీడీ బాకీ లేదులెండి అని రాశాను.