పదకొండు రోజుల బుట్ట

ఆ జూన్‌లో చెత్తబండి వాళ్ళు సమ్మె కట్టారు.
కంచరపాలెం మెట్టు దగ్గర మా మేడకి
పొద్దున్నే వినిపించే విజిలు వినిపించలేదు.

మొదటిరోజు ఎవరికీ తెలీలేదు.
రెండోరోజు బుట్ట మూత కొంచెం పైకి లేచింది
లోపల ఎవరో ఒత్తిగిల్లినట్టు.
మూడోరోజు వాసన
తలుపు కొట్టకుండానే హాల్లోకొచ్చి కూచుంది.

నాలుగోరోజు కోమలి ముక్కుకి కొంగు కట్టుకుని
పాత పేపర్లు పరిచి
బుట్టని బాల్కనీలో బోర్లించింది.
"రండి, చూడండి. ఇదీ మనం" అంది.

పోర్టు స్టోర్సులో ముప్ఫైయేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి.
ఒక్క నట్టు తక్కువైతే మెమో ఇచ్చినవాణ్ణి.
ఇంట్లోంచి ఏం బయటికి పోతోందో
ఒక్కనాడూ ఎంట్రీ వేయలేదు.
ఖాళీ డైరీ తీసి రాశాను:

పాలకవర్లు, తొమ్మిది.
మామిడి టెంకలు, లెక్క తప్పింది.
బిర్యానీ డబ్బాలు రెండు,
వాటితో వచ్చి, సీలు విప్పకుండానే చచ్చిపోయిన
ప్లాస్టిక్ చెంచాలు నాలుగు.
బీచిలో మురీ మిక్చరు తిన్న కాగితం పొట్లం,
(ఆ మొత్తంలో నిర్దోషి అదొక్కటే.)
రబ్బరు చెప్పు ఒకటి, ఎడమది.
కుడిది ఇంకా గూట్లో ఎదురుచూస్తోంది.

"మా అమ్మ రోజుల్లో అసలు బుట్టే ఉండేది కాదు..."
అని మొదలుపెట్టాను.
"మీ అమ్మగారి ఓపిక సరే,
ఇప్పుడు మీ ఓపిక చూద్దాం"
అంటూ చీపురూ చేటా నా చేతికిచ్చింది.

ఐదోరోజు
కడిగిన పాలకవర్లు తీగ మీద క్లిప్పులకి వేలాడాయి.
సముద్రం గాలికి టపటపలాడుతుంటే
ఎదురింటి కుర్రాడు
"తాతగారూ, ఎవరి పార్టీ జెండాలు?" అని అరిచాడు.
నా నీలం లుంగీ
నన్నడక్కుండానే నాలుగు మసిగుడ్డలైంది.
తీపి గురుతుగా అంచు ముక్క అడిగాను, ఇవ్వలేదు.

పాత బకెట్టుకి కాల్చిన మేకుతో కన్నాలు పొడిచి
తొక్కలూ టీపొడీ వేశాం.
ఎనిమిదోరోజు మూత తీస్తే
తెల్లపురుగులు లుకలుకా.
నేను గదిలోకి పారిపోయాను, దాచడమెందుకు.
కోమలి మాత్రం కింద వడ్రంగి దగ్గర
రంపంపొట్టు అడిగి తెచ్చి
పసిబిడ్డకి పౌడరేసినట్టు చల్లింది.

తోపుడు రిక్షా సూరయ్య
కాగితాలూ సీసాలూ తూచి అరవైనాలుగు రూపాయలిచ్చాడు.
బిర్యానీ డబ్బాలు అటూ ఇటూ తిప్పి
"దీన్నెవడూ కొనడండి" అని వెనక్కిచ్చేశాడు.
అవి ఇప్పటికీ అటక మీద
పెండింగు ఫైళ్ళలా ఉన్నాయి.
ఆ హోటలుకి ఇప్పుడు
మా స్టీలు క్యారేజీ పట్టుకుని నేనే నడుస్తున్నాను.

రాత్రి కరెంటు పోతే బాల్కనీలో కూచున్నాం.
పారేయడం అంటాం కదా, అన్నాను.
నిజమే, పారుతుంది.
గెడ్డలో పారి, వానపడ్డ రాత్రి సముద్రంలోకి పోయి
తెల్లారి జాలారిపేట వలలో
చేపకి బదులు పైకొస్తుంది.
లేదా లారీ ఎక్కి కాపులుప్పాడ వెళ్ళి
కొండ పక్కన ఇంకో కొండ అవుతుంది.
పోయింది అనుకున్నదేదీ
ఊరు దాటలేదు.
కోమలి ఏమీ అనలేదు.
దోమల్ని విసురుతోంది, పాత క్యాలెండరు అట్టతో.

పన్నెండోరోజు విజిలు వినిపించింది.
ఎడమచెప్పుకి పదిహేను రూపాయల కొత్త స్ట్రాపు,
రెండు కాళ్ళకీ రెండు చెప్పులతో
బుట్ట పట్టుకుని కిందికి దిగాను.

సన్యాసమ్మ చేతులకి కొత్త గ్లౌజులు.
"జీతం సంగతి సూత్తామన్నారు,
ఇవి మట్టుకి ఇచ్చేరు" అంది.
పదకొండు రోజుల బరువు ఉంటుందనుకుని
నడుం బిగించి ఒక్క ఊపున ఎత్తింది.
బుట్ట గాల్లోకి లేచిపోయింది,
ఆమె రెండడుగులు వెనక్కి తూలింది.

లోపలికి తొంగిచూసింది.
నా మొహంలోకి చూసింది.
"ఇన్నాల్లూ ఊరెల్లిపోనారేటి, బాబూ?"

"లేదమ్మా" అన్నాను.
"ఇక్కడే ఉన్నాం."