కనడం

ఇసకపల్లి దాటాక, సముద్రానికి వీపు పెట్టుకున్న షెడ్డులో
పదకొండేళ్ళుగా తల్లిరొయ్యల గది నాది.
ఎర్రబల్బు ఒక్కటే వెలుగుతుంటది.
మసగ్గా ఉంటేనే వాటికి బాగుంటదంట.

విమానంలో వస్తాయవి.
మద్రాసులో దిగి, పరీక్షలన్నీ పాసై,
ఏసీ వ్యానులో కావలి రోడ్డు గుంతల మీదుగా.
నేనింకా విమానం ఎక్కలా.

పట్కారు కాల్చి, ఒక కంటికాడ మీద నొక్కుతా.
ఒక్కసారి ఎగురుతుంది. తోక నీళ్ళను కొట్టిన చప్పుడు.
రెండో కంటికి రంగు రింగు తొడిగి
నంబరు పుస్తకంలో ఎక్కించి
తొట్లో వదిలేస్తా.
నాలుగోనాటికి వీపు పొడుగునా నారింజ గీత.
కనుగుడ్డు పోయినాక కడుపులో గుడ్లు.
తియ్యకపోతే పెట్టదా అంటే, పెడుతుంది,
దానికి బుద్ధి పుట్టినప్పుడు.
చెరువులకు అంత తీరిక యాడిది?

రాత్రి అన్నాల దగ్గర
కామాక్షి ఫోన్ని నీళ్ళచెంబుకు ఆనించింది.
"నాయనా, ఈ డాక్యుమెంటరీ చూడు."
బోనుల్లో కోళ్ళు, గొర్రెల లారీ,
గుండె గొట్టంలో పేరుకున్న పసుప్పచ్చ కొవ్వు.
తెల్లకోటు ఆయన ఏం తినకూడదో చెప్తున్నాడు.
ఆ మాట మా పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది,
నేను వింటే కదా.
నిన్నటి పులుసు, మామిడిముక్క బాగా ఊరింది,
తలకాయ ఎప్పట్లాగే నా పళ్ళెంలో.

అప్పుడొచ్చింది తెర మీదికి ఒక చెయ్యి.
నీలం తొడుగు. పట్కారు. ఎర్రబల్బు.
ఏ దేశమో తెలీదు,
బొటనవేలు వంచిన తీరు మాత్రం అచ్చం నాదే.
కామాక్షి ఫోను చూడ్డం మానేసింది.
ముద్ద పట్టుకున్న నా చేతినే చూస్తా ఉంది.
"ఇట్టా చేస్తారా నాయనా?"
"ఎగుమతి సరుకమ్మా అది" అన్నా.
తను అడిగింది ఆ ప్రశ్న కాదు.

తొమ్మిదిలో తెలుగయ్యవారు చెప్పేవాడు,
కనడమంటే చూడటం, కనడమంటే బిడ్డను పెట్టడం,
మాట ఒకటే, సందర్భాన్ని బట్టి అర్థమని.
ఒక కనడాన్ని కాల్చి
ఇంకో కనడాన్ని రాబట్టే సందర్భం
పాపం ఆయనకు తెలీదు.

ఏడేళ్ళు చూశాం కామాక్షి కోసం.
జొన్నవాడ తిరణాల్లో, చెమటలో, తొక్కిసలాటలో
వాళ్ళమ్మ కొంగు పట్టి కొడిముద్ద తెచ్చుకుంది.
కళ్ళు మూసుకుని మింగింది.
అమ్మవారి పేరే పెట్టాం, పేరులోనే కన్నుంది.
ఆ ఏడేళ్ళలో ఎవరూ మాకు పట్కారు చూపలా.
కాస్త ఆగండమ్మా అన్నారు.
ఆగాం.

చివర్లో సముద్రాన్ని చూపించి వయొలిన్ వాయించారు.
మానెయ్యండి అని రాశారు.
పద్దెనిమిది వేల జీతం మాటా
సెమిస్టరు ఫీజు మాటా రాయలా.
వాళ్ళ మీద కోపమేం లేదు,
ఒక్క అబద్ధం కూడా చెప్పలా వాళ్ళు.
లాటుకు మూడొందల తల్లులు, ఏడాదికెన్ని లాట్లు...
లెక్క వెయ్యబోయి పళ్ళెం వైపు చూశా.
చేపతలకు రెండు కళ్ళూ ఉన్నాయి,
తెల్లగా ఉడికి.
కామాక్షి మజ్జిగన్నం కలుపుకుని లేచిపోయింది.
నేను తిన్నా. తిన్నానని చెప్పాలి కదా.

పొద్దున కొత్త లాటు దిగింది.
ఆరో తొట్లోంచి ఒకదాన్ని తడిగుడ్డలో పట్టుకున్నా.
పట్కారు కాలేదాకా ఆగాలి, ఎప్పుడూ ఆగేదే.
ఆ కాసేపూ దాని కళ్ళు రెండూ
పొయ్యిలో మిగిలిన నిప్పుల్లా మెరుస్తా ఉన్నాయి.
రోజూ ఇట్టానే మెరిశాయేమో.
"ఏంబ్బా, నిద్దరపోతుండావా?"
తులసింగం గది బయటినుంచి అరిచాడు.

"లేదన్నా" అన్నా,
"చూస్తుండా."