ఖాళీ వరుస

యార్డులో మిర్చి బస్తా మూతి విప్పకుండానే
గోతం మీద లాట్ నంబరు వేస్తాడు యల్లమంద.
కుంచె లోపలికి దిగకూడదు.
ఒక్క కుట్టు ఊడినా
రంగు కాయల దాకా పోతుంది, సరుకు పాడు.

గుంటూరు ఆసుపత్రి వెనక, రెండో అంతస్తులో
నా పనీ ఇంచుమించు అంతే.
మంచుపెట్టెలో అరగంట ఉంచి
ఎర్రకణాల పైపొరకు బయోటిన్ తగిలిస్తాను.
పొర దాటలేని రకం అది,
గడప దగ్గరే నిలబడిపోయే చుట్టంలా.
కణాలు నాలుగు పగిలాయా,
లోపలి హిమోగ్లోబిన్ కూడా పేరు రాయించుకుంటుంది,
పిలవని పెళ్లిలో ముందు బంతికి కూర్చున్నట్టు.
కడుగుతాను. మళ్లీ కడుగుతాను.

జకరయ్య గారు రిటైరైనా టీ వేళకు వస్తారు.
"మా రోజుల్లో రేడియో అయోడిన్ అమ్మా,
సీసపు ఇటుకల చాటున చేతులు మాత్రం పెట్టి...
అరవై రోజులకు సగం చచ్చేది,
మిగతా సగం ఎవరి ఒంట్లో దూరేదో"
అంటూ గొంతు తడుముకుంటారు.
చొక్కాకు బిళ్ళ పెట్టుకున్న చోట
ఇప్పుడు కళ్లజోడు వేలాడుతోంది.
ఇది ఉత్త విటమినే అంటే నమ్మరు.
దీన్ని వదలకుండా పట్టుకునే గుణం
కోడిగుడ్డు తెల్లసొనకుందంటే
"మరి అట్టు మీద కొట్టుకు తింటున్నాంగా!" అని నవ్వుతారు.

ఈ రక్తం యల్లమంద భార్య సైదమ్మది.
ముచ్చికలు తీసే చేతులు, గోళ్ల సందున మంట ఆరదు.
ఆపరేషన్ రెండుసార్లు వాయిదా.
ఊళ్లో ఎవరి రక్తం తెచ్చి కలిపినా
ఆమె రక్తరసం "మనవాడు కాదు" అని ముద్దకట్టిస్తుంది.
దేన్ని చూసి అంటోందో తెలీదు.

చీకటిగదిలో, తడిపొర మీద ఫిల్ము పరిచి
ఐదు నిమిషాలు లెక్కపెడతాను.
తలుపు సందులోంచి యార్డు ఘాటు.
తుమ్మకూడదనుకుంటూనే తుమ్ముతాను.
కంటికి వెలుగేమీ ఆనదు,
అయినా నా చేతి కింద ఏదో మెరుస్తూనే ఉంటుంది.

ట్రేలో ఫిల్ము తేలింది.
దాతలు నలుగురికీ ఒకే ఎత్తున నల్లటి గీత,
కాటుక వేలితో లాగినట్టు.
ఐదో వరుస సైదమ్మ సొంత కణాలది.
అక్కడ ఏమీ లేదు.
కణాలు తక్కువ పడ్డాయేమోనని
మొత్తం ప్రోటీన్ల పొర తీసి చూశాను. సమానమే.
మళ్లీ ఇటు చూశాను. లేదు.

అందరికీ ఉన్నది తనకు లేదని
ఆమె రక్తం ఇన్నాళ్లూ మొత్తుకుంటోంది.

జకరయ్య గారు ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
"ఈమెకు తోబుట్టువులున్నారా?"

ఒక అక్క ఉంది, చేబ్రోలులో.
నంబరు యల్లమందనే అడగాలి.
ఈ వేళప్పుడు చేతినిండా రంగుంటుంది,
ఫోన్ ఎత్తడు.