గుర్తింపు చిహ్నాలు

ప్రతి నవంబరులో వస్తాడు ఇన్నాసి,
బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి.
లాలాగూడ వర్క్‌షాపు, ఫిట్టర్, గ్రేడు రెండు:
రిజిస్టర్లో అంతే ఉంది.
మిగతాది చెదలు తినేసింది,
పేజీ మళ్ళీ రాయమన్నారు పైవాళ్ళు.
"పుట్టుమచ్చలో, దెబ్బలో చెప్పు తాతా, రెండు చాలు."

నుదురు చూపించాడు.
అడ్డంగా నాలుగు గీతలు.
ముడతలనుకున్నాను.
"తోలుబంతికి లేసు ఉండేది బిడ్డా.
వానకు నానితే ఇటుకంత బరువు.
గోషామహల్‌ల, పోలీసోళ్ల మీద,
కార్నర్ వచ్చింది, లేచిన.
బంతి గోల్లకి పోయింది,
లేసు నా కాడనే ఉన్నది."

రాసుకున్నాను.
చెప్పు విడిచి ఎడమకాలు చాపాడు
నా బల్ల కిందికి.
బొటనవేలికి గోరు లేదు.

"యాభై మూడు అనుకుంట. మాకు బూట్లు లెవ్వు,
గుడ్డపట్టీలు చుట్టుకున్నం.
ఎదురుంగ వియన్నా నుంచి వచ్చినోళ్లు,
ఒక్కొక్కడు సున్నమేసిన గోడ.
వాళ్ల సెంటర్ ఫార్వర్డు పేరు మాకు నోరు తిరగలే,
హన్సన్న అన్నం. పలికిండు.
మూడు ఒకటి ఓడినం.
ఆ ఒకటి నాది.
ఆట అయినంక నా కాలు ఒళ్లె పెట్టుకొని
అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు,
లోపల ఏదన్న దాచిన్నేమో అన్నట్టు.
బూట్లిప్పి ఇచ్చి
వట్టి కాళ్లతోటి లారీ ఎక్కిండు.
నాకు రెండు సైజులు పెద్దగైనయి.
మా అమ్మ ఒక దాంట్ల చింతపండు పెట్టింది,
ఇంకో దాంట్ల చీటీ పైసలు."

గడి నిండింది. తాత ఆగలేదు.
మోకాలు కలకత్తా బురదది.
చెవి వెనక కుట్లు బెంగుళూరువి,
వేసింది కంపౌండరు, మత్తు లేదు, బెల్లం ముక్క ఇచ్చాడట.
ఎన్ని గోల్సు అంటే
వేళ్ళు ముడిచాడు, విప్పాడు,
మధ్యలో ఎక్కడో తప్పిపోయాడు.

"ఒకనాడు బోర్డు మీద నా పేరు లేదు.
ఎవ్వలూ చెప్పలే.
ఇంకోసారి సదివిన, కింది నుంచి పైకి.
ఇరానీ హోటల్ల సగం చాయ్ తాగి
రెండో షిఫ్టుకు పోయిన."

ఒకటి: నుదుటి మీద మచ్చ.
రెండు: ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ముద్ర కొట్టాను.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
తలుపు దాకా పోయి తిరిగాడు:

"హన్సన్న గూడ ఏడాదికోపారి
గిట్ల వచ్చి చూపెట్టుకోవాల్నా బిడ్డా,
ఉన్న అని?
ఆడ గూడ నవంబరేనా?"