నాలుగు మైక్రాన్ల మాయ

లేబర్ రూం నుంచి తెల్ల బకెట్లో వస్తది.
మూత మీద మార్కరు రాత:
సఫియా, తలాబ్‌కట్ట, ముప్పై ఆరు వారాలు, బీపీ.
ఆయా మణెమ్మ బల్ల మీద పెట్టి
"మాయ తెచ్చిన్నమ్మా" అంటది
పొద్దుగాల పాలపాకెట్ తెచ్చినట్టు.

తూకం మూడు వందల తొంభై గ్రాములు.
పేట్లబుర్జు కిటికీ బయట మూసీ వాసన,
లోపల ఫార్మలిన్.
మైనంలో పోసి, నాలుగు మైక్రాన్ల మందాన కోసి
గులాబీ, ఊదా రంగులద్ది
అద్దం కింద పెడ్త.

అందరు చెట్టును చూస్తరు. నేను అంచును చూస్త.
కొమ్మ కొమ్మకు కుట్టిన సన్నటి ఊదా అంచు.
మొదట్ల ఇవన్నీ వేరు వేరు కణాలే.
పక్కపక్కన నిలవడి నిలవడి
మధ్య గోడలు కూలగొట్టుకున్నయి,
పెండ్లికి నాలుగిండ్ల డాబాల మీద
ఒక్కటే షామియానా కట్టినట్టు.
ఎవరి ఇల్లు యాడ మొదలైందో ఇంక చెప్పలేం.

గోడ కూలగొట్టే ఆ విద్య
ఏ కాలంలనో ఒక వైరస్ అంటుకున్నప్పుడు
తోకలున్న మన ముత్తవ్వలు నేర్చుకున్నదట.
చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.
ఒక జ్వరం ఉయ్యాలైంది.

ఈ అంచే ముందుగాల మాట్లాడింది.
సఫియాకు నెల తప్పిన సంగతి తెల్వకముందే
అండాశయంల పసుపు ముద్దకు కబురంపింది:
అప్పుడే వాడకు. పది వారాలు దీపం పట్టు,
తర్వాత నూనె నేనే పోసుకుంట.
మందుల దుకాణం పుల్ల మీద
రెండో గీతగా తేలింది ఆ కబురే.
గర్భసంచి కండకు: కదలకు.
నెత్తుట్ల చక్కెరకు: జర ఇటు రా.
తల్లి ఒంట్లనే ఉంటది, తల్లిది కాదు.
బిడ్డ తరఫున కూసున్న గుమాస్తా,
సగం దస్తూరి ఆటో నడిపే తండ్రిది.

నా కబురు ఆరో వారం దాకా వచ్చింది.
పక్క గది మెషిన్ల నా అంకె నేనే చూసుకున్న.
రెండు దినాలకోసారి రెట్టింపు కావాలె.
పద్నాలుగు వందలు.
పదమూడు వందల ఇరవై.
తొమ్మిది వందలు.
మెషిన్ తప్పనుకొని మూడుసార్లు నడిపిన.
సంతకం పెట్టేటప్పుడు డాక్టరమ్మ
పేరు చదవలేదు. చదివిందేమో.

అంచు తునకలు కొన్ని తెగి
తల్లి నెత్తుట్ల కొట్టుకపోయి
ఊపిరితిత్తుల్ల ఆగుతయని పుస్తకంల ఉన్నది.
ఆరు వారాలకే అంత దూరం పోతయా?
అది పుస్తకంల లేదు.

సఫియా అంచు అక్కడక్కడ ముడులు పడ్డది.
బీపీకి ఓర్చి ఓర్చి,
ఒక్క పూట సెలవు పెట్టకుండ.
పాప రెండు కిలోల వంద.
ఏడుపు మాత్రం వార్డంతా ఇనొచ్చిందట.

"మిగిలింది ఇస్తరా అమ్మా?
వాళ్ళత్త అడుగుతున్నది, పాతిపెట్టనీకి."
ఇయ్యరాదు, పసుపు సంచిలెయ్యాలె
అన్న, రూలు చూపించిన.
ఆ తర్వాత ఊకోలేక అడిగిన:
తలాబ్‌కట్టల జానెడు మట్టి యాడున్నది మణెమ్మా?

"కల్యామాకు కుండీ ఉన్నదంటమ్మా."