మూడో గడి

పొద్దున్న ఎనిమిదిన్నరకి గది తాళం తీసేసరికే
సువార్తమ్మ మళ్ళీ బల్ల మీద కూర్చుని ఉంది,
ఎడమ జాకెట్టు చెయ్యి అప్పటికే పైకి మడిచి.
గుంటూరు పెద్దాసుపత్రిలో
నా గది పేరు పెద్దది, గది చిన్నది.
ఒక ఫ్రిజ్జు, ఒక రిజిస్టరు,
గోడ మీద నోటీసు:
"టీకా ధ్రువపత్రం లేనివారికి వార్డు ప్రవేశం లేదు."
సంతకం పెద్ద డాక్టరు గారిది.
అతికించింది నేను, మైదా జిగురుతో.

వాలంటీరు పిల్లలు బ్రాడీపేట నుంచి స్కూటీల మీద వచ్చి
ఫోన్లలో చిన్నప్పటి కార్డులు చూపిస్తారు.
వాళ్ళమ్మలు బీరువాలో పట్టుచీరల కింద దాచినవి,
పసుపు మరకతో సహా.
సువార్తమ్మకి కార్డు లేదు.
మొదటిసారి వచ్చినప్పుడు
"వారిసెల్లా వచ్చిందా?" అంటే
నా మొహంలోకి చూసింది.
"ఆటలమ్మ" అన్నాను.
"ఓ, అదా! పోసింది. మా పెద్దోడు చంకలో ఉండగా.
పాస్టరుగారు ప్రార్థన చేశారు,
మా అత్త గుమ్మానికి వేపమండ కట్టింది.
ఎవరి మాట విందో ఏమో, తగ్గింది."
గడిలో 'అవును' అని రాశాను.
ఆ అవునులో ఎంత పట్టిందో ఫారానికి తెలీదు.

కామెర్ల టీకా దగ్గరే చిక్కు.
ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి.
ఆసుపత్రి ఊడ్చే కాంట్రాక్టు మాత్రం
ఐదో నెలకల్లా చేతులు మారుతుంది.
కొత్త ఏజెన్సీ, కొత్త నీలం చీర,
కొత్త వరసలో
మళ్ళీ మొదటి గడి.
పాత రిజిస్టర్లలో ఆమెని వెతికి పట్టుకున్నాను,
ఒకచోట సువార్త, ఒకచోట ఎస్. వార్తమ్మ,
ఒకచోట ఉత్త వేలిముద్ర.
నాలుగు మొదటి డోసులు. మూడు రెండోవి.
మూడోది ఎక్కడా లేదు.

థియేటర్ వెనక ఎర్ర సంచులు మూట కట్టేది ఆమే.
సూదిని కట్టరులో తుంచకుండా సంచిలోకి విసిరిన
పెద్ద చదువుల చెయ్యి ఎవరిదో
ఎవరూ అడగలేదు.
పోయిన శ్రావణంలో గుచ్చుకుంటే
"చీమ కుట్టింది" అందట సూపర్‌వైజరుతో,
నిజం చెబితే పని పోతుందని.
మూడు నెలలకి నాకు చెప్పింది,
టీ చల్లార్చుకుంటూ, వేరే ఎవరి గురించో అన్నట్టు.
అప్పటికప్పుడు రక్తం పరీక్షకి పంపాను.
ఏమీ లేదు.
ఊరికే లేదు, అంతే.

ఆ రాత్రి పుస్తకం తీశాను.
పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఎప్పుడో చదవాల్సిన లైను:
మధ్యలో ఆగితే మొదటికి రానక్కర్లేదు,
ఆగిన చోటినుంచే.
ఒళ్ళు మర్చిపోదట.
మర్చిపోయేది మేమే,
గళ్ళ కాగితాలం.

మర్నాడు కొత్త వరసలో కాదు,
పాత రిజిస్టరు దుమ్ము దులిపి
ఎస్. వార్తమ్మ పక్కన మూడో గడిలో తేదీ వేశాను.
"అయిపోయిందా?"
"అయిపోయింది."
నమ్మలేదు. భుజం రుద్దుకుంటూ
ఇంకో నిమిషం అలాగే కూర్చుంది,
ఎవరైనా వచ్చి మళ్ళీ మొదలుపెట్టమంటారేమో అని.

రెండు నెలలకి టీకా పట్టిందో లేదో చూడ్డానికి
మళ్ళీ రక్తం తీశాను.
రిపోర్టు వచ్చేసరికి ఏజెన్సీ మారింది.
కొత్తవాళ్ళు నలభై ఐదు దాటినవాళ్ళని వద్దన్నారట.
ఆమె నంబరు నా డ్రాయరులో,
గుండుసూదుల డబ్బా కింద మిగిలిపోయింది.

నిన్న ఫోను. కొత్తపేటలో ఏదో నర్సింగ్ హోం.
వెనక స్ట్రెచరు చక్రం కీచుమంటోంది.
"ఇక్కడ కాయితం అడుగుతున్నారమ్మా.
నా మార్కులెన్ని?"
"మూడొందల పన్నెండు."
"ఎంతకి?"
"పది వస్తే పాసు" అన్నాను.

చాలాసేపు నవ్వింది.
నాకు ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి,
నాలుగేళ్ళలో.

కాయితం ఇవాళే పంపాలి.
సీలు బీరువాలో ఉంది.
బీరువా తాళం పెద్ద డాక్టరు గారి దగ్గర,
ఆయన సోమవారం దాకా సెలవు.